ఒకే టార్చి

శుక్రవారం రాత్రి పదిన్నర. బి షిఫ్టు ముగించుకుని వచ్చిన ఆయన గుమ్మంలో నిలబడి బూట్ల లేసులు విప్పుతున్నారు. నేను స్టవ్ మీద చారు వేడి చేస్తున్నాను. మా ఇంట్లో ఇద్దరం మెలకువగా ఎదురుపడే సమయం రోజుకు అరగంట ఉంటే గొప్ప. ఆయన నైటు షిఫ్టు చేసి తెల్లారి మెట్లెక్కే వేళకు నేను క్యారేజీ కట్టుకుని బడికి మెట్లు దిగుతుంటాను.

"రేపు ఆఫ్ ఇచ్చారు. మళ్లీ ఎక్కేది ఆదివారం రాత్రి సి షిఫ్టే."

గోడ మీది క్యాలెండరు వైపు చూశాను. డిసెంబరు, రెండో శనివారం. బడి లేదు. ఎల్లుండి ఎలాగూ ఆదివారం. రెండు రోజులు వరసగా ఇద్దరికీ సెలవు కిందటిసారి ఎప్పుడు కుదిరిందా అని ఆలోచిస్తుంటే చారు పొంగింది.

"ఎల్దామేటి?" అన్నారు, స్టవ్ కట్టేస్తూ.

"ఎక్కడికండీ?"

"పాడేరు. వంజంగి ఎక్కి మబ్బులు చూద్దాం."

వద్దనడానికి కారణాలు బోలెడున్నాయి. దిద్దాల్సిన పేపర్ల కట్ట బీరువా మీద ఉంది. నానబెట్టిన మినప్పప్పు గిన్నెలో ఉంది. కానీ నోరు తెరిస్తే, "స్వెట్టర్లు ఎక్కడ పెట్టాం?" అన్న మాటే వచ్చింది. విశాఖపట్నంలో స్వెట్టరు ఎవరికి కావాలి? ట్రంకు పెట్టె అడుగున, పెళ్లినాటి పట్టుచీర కింద దొరికాయవి, కలరా ఉండల వాసనతో. రెండు దుప్పట్లు, మంకీ క్యాపులు, నీళ్ల సీసాలు, చింతపండు పులిహోర. టార్చిలైట్లు రెండున్నాయి కానీ ఒకదాంట్లో బ్యాటరీలు కారి తుప్పు పట్టాయి. వెలిగే ఒక్కదాన్నే సంచిలో వేశాను.

తెల్లవారుజామున అయిదున్నరకు తలుపు తాళం వేశాం. మెట్ల మీది బల్బు పోయి నెల దాటింది. చీకట్లో ఆయన భుజం పట్టుకుని దిగాను. గాజువాక ఇంకా ముసుగు తన్ని పడుకునే ఉంది. టీ కొట్టు షట్టరు ఒకటి సగం లేచి ఉంది.

*

అనకాపల్లి దాటి చోడవరం రోడ్డెక్కేసరికి ముక్కుకు ముందుగా తగిలింది వాసన. చెరకు నరికే రోజులివి. పొలాల్లో పెద్ద పెనాల మీద రసం కాగుతోంది. ఎండిన చెరకు పిప్పి మంట, మీద తియ్యటి ఆవిరి. అనకాపల్లి బెల్లం మార్కెట్టు దేశంలోని పెద్ద బెల్లం మార్కెట్లలో ఒకటని పిల్లలకు ఏటా చెబుతాను. ఆ బెల్లం ఊపిరితో పాటు లోపలికి వెళ్తుందని ఎప్పుడూ చెప్పలేదు. బండి మీద ఎదురుగాలికి కళ్లు మూసుకుని, ఆయన వీపుకు తల ఆన్చి, ఆ వాసన పీల్చుకుంటూ కూర్చున్నాను.

మాడుగులలో ఆగి పావు కిలో హల్వా కట్టించుకున్నాం. గోధుమలు నానబెట్టి, రుబ్బి, పాలు తీసి, నెయ్యితో గంటల తరబడి కలియబెట్టి చేసే హల్వా అది. ఆకులో వేడిగా ఒక ముక్క పెట్టి ఇచ్చాడు కొట్టతను. వేలితో నొక్కితే నెయ్యి ఊరుతోంది. అంటుకున్న వేళ్లు నాక్కుంటూ తలెత్తి చూస్తే, ఊరి చివర అడ్డంగా కొండలు.

పదకొండేళ్లుగా ఈ కొండల్ని నల్లబల్ల మీద గీస్తున్నాను. ఒడిశా నుంచి కిందికి సుద్దముక్కతో వంకర గీత, పక్కన 'తూర్పు కనుమలు' అని అక్షరాలు, గోదావరి దగ్గర ఒక ఖాళీ. సుమారు 1,680 మీటర్ల అర్మకొండ ఈ పాడేరు ప్రాంతంలోనే ఉందని, తూర్పు కనుమల్లో అత్యంత ఎత్తయిన శిఖరాల్లో అదొకటని ఒక మార్కు ప్రశ్నగా ఇస్తాను. ఇప్పుడా గీత కళ్లెదుట లేచి నిలబడింది. నీలంగా, తడిగా, ఒకదాని వెనక ఒకటిగా.

గరికబంద దాటగానే ఘాటు రోడ్డు మొదలైంది. మలుపు మలుపుకూ గాలి చల్లబడుతోంది. చెవుల్లో గాలి గుప్పుమని బిగుసుకుని, మింగితే వదులుతోంది. మోదకొండమ్మ పాదాల దగ్గర లారీలూ బస్సులూ ఆగి ఉన్నాయి. ఘాటెక్కే డ్రైవరు ఇక్కడ దండం పెట్టకుండా గేరు మార్చడు. మేమూ దిగి కొబ్బరికాయ కొట్టాం. కాయ సరిగ్గా రెండు చెక్కలైంది. ఆయన చిన్నపిల్లాడిలా నా వైపు తిరిగి చూశారు.

*

పాడేరు 2022 ఏప్రిల్ 4న అల్లూరి సీతారామరాజు జిల్లాకు ముఖ్య పట్టణమైంది. అయినా బజారులో మాత్రం సంత ఊరి కళే ఉంది. కొండచీపుళ్ల మోపులు, అడ్డాకుల కట్టలు, పసుపు, అల్లం, గుప్పెళ్లతో కొలిచే రాజ్మా గింజలు. ఇంకో టార్చి కొనాలని ఇద్దరికీ గుర్తు రాలేదు. మిరియాలు కొన్నాం.

అక్కణ్నుంచి ఆరేడు కిలోమీటర్లలో వంజంగి. రోడ్డు పక్కన వలిసెలు పూశాయి. పచ్చగా కాదు, పసుపు పారబోసినట్టు. గింజల నుంచి నూనె తీయడానికి వేసిన పంట అది. ఫొటోల కోసం దాంట్లోకి దిగిన వాళ్లు తొక్కిన జాడలు గట్టు పొడవునా కనిపిస్తున్నాయి. ఆ చేను ఒకరి సంవత్సరపు కష్టం. మేం గట్టు మీదే నిలబడి చూశాం. అక్కణ్నుంచీ తేనెటీగల రొద బాగానే వినిపిస్తోంది.

కొండ కింద గుడారాలు అద్దెకిచ్చే కుర్రాడు మాకొకటి చూపించాడు. సామాను లోపల పడేసి మధ్యాహ్నం కాఫీ తోటల్లో నడకకు బయల్దేరాం. కాఫీ తోట అంటే టీ తోటలా కత్తిరించిన వరసలు ఉంటాయనుకున్నాను. ఇక్కడ ఉన్నది అడవే. పైన సిల్వర్ ఓక్ చెట్లు నిటారుగా నీడ పడుతున్నాయి. వాటి మానులకు మిరియం తీగలు అల్లుకున్నాయి. ఆ నీడలో, మనిషెత్తున, ముదురాకు మెరుస్తూ కాఫీ మొక్కలు. కొమ్మ కొమ్మకూ గుత్తులుగా కాయలు. కొన్ని పచ్చగా, కొన్ని నారింజ రంగులో, కొన్ని కుంకుమ ఎరుపులో.

నడుముకు బుట్ట కట్టుకుని పళ్లు కోస్తున్న పెద్దావిడ మమ్మల్ని చూసి నవ్వింది. రెండు పళ్లు తుంచి నా అరచేతిలో పెట్టింది.

"తినమ్మా. గింజ కొరక్కు."

తొక్క చిట్లగానే నాలుక మీద జిగురు, సన్నటి తీపి. కాఫీ రుచి జాడే లేదు.

"ఎర్రవి మాత్రమే కోస్తావా అమ్మా?"

"ఆఁ. పచ్చిది కోస్తే పాడైపోద్ది. ఒక్కో చెట్టు కాడికి మూడేసి నాలుగేసి మాట్లు రావాల. అన్నీ ఒక్కపాలి పండవు గదా."

అన్నీ ఒక్కసారి పండవు. కోసిన రోజే తొక్క తీయాలి, జిగురు వదిలేదాకా నానబెట్టాలి, కడగాలి, పాకం పట్టినట్టు కనిపెట్టుకుని ఎండబెట్టాలి. 2019లో ఈ కొండల కాఫీకి 'అరకు వ్యాలీ అరబికా' పేరుతో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ పేరు ప్యారిస్ దాకా వెళ్లి అమ్ముడవుతోంది. ఆ పేరు వెనకాల ఈ వేళ్లున్నాయి. గోళ్ల సందుల్లో నల్లగా ఆరిన పండ్ల రసంతో, కొమ్మ వంచి, ఆకు రాలకుండా, ఒక్కొక్క పండే. ఆమె కోస్తున్న చప్పుడు వింటూ చాలాసేపు ఆ నీడలోనే కూర్చున్నాం. టప్, టప్. మధ్యలో దూరంగా ఏదో పిట్ట.

*

చీకటి పడటం కాదు, చలి పడింది. అయిదున్నరకు సూర్యుడు కొండ వెనక్కి జారాడో లేదో, భుజాల మీద ఎవరో తడిగుడ్డ కప్పినట్టయింది. కుర్రాడు నెగడు వేశాడు. పచ్చి వెదురు బొంగులో కారం, పసుపు, అల్లం పట్టించిన కోడి ముక్కలు కూరి, మూతికి ఆకులు కుక్కి, నిప్పుల మీద దొర్లిస్తున్నాడు. నూనె చుక్క వేయలేదు. బొంగులోని తడే ఆవిరై ముక్కను ఉడికిస్తుంది. బొంగు నల్లబడి, మూతి దగ్గర బుసబుసమని పొంగాక, కత్తితో చీల్చి ఆకులో ఒంపాడు. పులిహోరలో నంజుకుని తిన్నాం. వేళ్లు కాలుతున్నా ఆగలేదు.

ఎనిమిదింటికి నెగడు సద్దుమణిగాక తలెత్తాను. మా ఊళ్లో రాత్రి ఆకాశం ఎప్పుడూ ఎర్రగా, పొగచూరినట్టు ఉంటుంది. ఇక్కడ నక్షత్రాల మధ్య చోటు లేదు.

"అదిగో గొల్లకావడి," అన్నారాయన. తూర్పున మూడు చుక్కలు వరసగా. "మా తాత పొలం కాపలాకి తీసుకెళ్లినప్పుడు చూపించీవోడు. దాని పైన గుంపుగా ఉంది చూడు, అది పిల్లలకోడి."

పెళ్లయి ఆరేళ్లు. తాతతో పొలం కాపలాకు వెళ్లేవారన్న సంగతి నాకు తెలియదు. అడిగాను. చెప్పారు. కుంపటి, జొన్నచేను, అడవిపందులు, డప్పు కొడుతూ కొడుతూ తాత నిద్రపోతే భయంతో తానే తెల్లార్లూ కొట్టిన రాత్రి. గుడారంలోకి దూరాక కూడా ఆ కథ అవలేదు. దుప్పటి మెడదాకా లాక్కుని వింటున్నాను. మా ఊపిరే ఆవిరై గుడ్డకు అంటుకుని, చుక్కలై, అప్పుడప్పుడూ మొహాన టప్పున రాలుతోంది. ఎప్పుడు నిద్రపట్టిందో తెలియదు.

*

నాలుగింటికి అలారం. దుప్పటి తీస్తే ఒళ్లు కొరికేంత చలి. బయట గడ్డి మీద మంచు పాదాలను తడిపేసింది. రాత్రి తూర్పున ఉన్న గొల్లకావడి పడమటికి నడిచి కొండ మీద వాలిపోయింది. ఇంత దూరం అది నడిచింది, మేం నిద్రపోయాం.

ఫొటోలు తీసీ తీసీ రెండు ఫోన్ల ఛార్జింగూ అడుగంటింది. సంచిలోంచి టార్చి తీశాను.

వంజంగిలో మేం ఎక్కాల్సిన బోనంగమ్మ కొండ దారి మొదట్లో వెడల్పుగానే ఉంది. కాసేపటికి రాళ్లు మొదలయ్యాయి. ఆయన ముందు, నేను వెనక. టార్చి ఆయన చేతిలో. వెలుగు ఆయన ముందు పడుతోంది, ఆయన నీడ నా దారిలో పడుతోంది. పది అడుగులు వేశానో లేదో, కాలు జారి మోకాలు రాతికి కొట్టుకుంది.

"అబ్బా!"

"నువ్వు ముందు నడు," అని టార్చి నా చేతికిచ్చారు. ఈసారి వెనక ఆయన తడబడ్డారు. చెట్టు వేరు తగిలి ముందుకు తూలి నా సంచి పట్టుకున్నారు. ఇద్దరం ఆగాం. తలకు లైట్లు కట్టుకున్న కుర్రాళ్ల గుంపు ఒకటి హుషారుగా మమ్మల్ని దాటిపోయింది. వాళ్ల వెలుగు మలుపు తిరిగాక చీకటి మరీ చిక్కబడింది.

అప్పుడు దొరికింది ఉపాయం. టార్చి ఉన్నవాళ్లు రెండడుగులు ఎక్కి, వెనక్కి తిరిగి, వెలుగును రెండోవాళ్ల పాదాల ముందు పట్టాలి. వాళ్లు ఎక్కి పక్కకు వచ్చి నిలబడ్డాక, మళ్లీ రెండడుగులు. ఆయాసం వస్తే టార్చి చేతులు మారుతుంది.

"కుడి పక్క రాయి కదుల్తంది. ఎడమ పక్క ఎయ్."

"ఇక్కడ తడిగా ఉందండీ. నెమ్మది."

దారి పొడవునా మేం మాట్లాడుకున్నది ఇంతే. చాలామంది మమ్మల్ని దాటిపోయారు. మాకు తొందర పుట్టలేదు. ఆయన మొహం కనిపించడం లేదు, వెలుగులో ఆయన పాదాలు మాత్రమే కనిపిస్తున్నాయి. ఎడమ బూటు మడమ బయటి వైపుకు అరిగిపోయింది. ఆ కాలిని కొంచెం ఈడ్చి వేస్తారని ఈ తెల్లవారుజామునే గమనించాను. గంటల తరబడి నిలబడి చేసే పని.

సగం దూరంలో స్వెట్టరు విప్పేశాను. ఎక్కిన వేడి అనుకున్నాను. కాసేపు ఆగి ఊపిరి నిదానించాక కూడా చలి వేయలేదు. చేయి గాలిలోకి చాచాను. నిజంగానే గాలి వెచ్చగా ఉంది. పైకి పోయేకొద్దీ చల్లబడాలి కదా?

శీతాకాలపు నిర్మలమైన రాత్రుల్లో నేల తన వేడిని ఆకాశంలోకి వదిలేసుకుంటుంది. నేలను తాకిన గాలి చల్లబడి, బరువెక్కి, నీళ్లలా వాలు వెంట జారి లోయలో నిండుతుంది. పైన వెచ్చటి గాలి మూతలా కూర్చుంటుంది. వానాకాలపు తడి ఇంకా నేలలో ఉంటుంది కనక ఆ తేమంతా మూత కింద మంచుమేఘమై చిక్కబడుతుంది. దీన్ని ఉష్ణోగ్రతల విలోమం అంటారని పాఠంలో ఉంది. అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకానే జనం ఇక్కడికి ఎగబడటానికి కారణం ఇదే. ఈ పాఠాన్ని ఎన్నోసార్లు చెప్పాను. అరచేతితో తాకడం ఇప్పుడే.

కూర్చున్న రాతి మీద టార్చి వేశారాయన. రాతిలో ఎర్రెర్రగా చిన్న చుక్కలు మెరిశాయి.

"ఏటివి? కెంపుల్లాగున్నాయి."

"గార్నెట్లు. ఈ రాయి పేరు ఖొండలైట్. ఈ కొండల్లో ఉండే కోందుల పేరే దీనికి పెట్టారు, 1902లో. మన సింహాచలం కొండా ఇదే రాయి."

ఆయన ఆ చుక్కల్ని బొటనవేలితో మెల్లగా తడిమారు. నా పాఠం ఆయన విన్నది అదే మొదటిసారి.

*

అయిదున్నరకు శిఖరం దగ్గరి గడ్డిమీదికి చేరాం. దుప్పటి ఒకటే కప్పుకుని కూర్చున్నాం. మొదట ఏమీ లేదు, కింద ఒక బూడిద రంగు ఖాళీ. తూర్పున ఒక ఎర్రటి గీత. గీత వెడల్పవుతూ వచ్చిన కొద్దీ ఆ ఖాళీకి ఒక ఉపరితలం ఏర్పడింది. తెల్లగా, ఏకిన దూది పరిచినట్టు, కొండ నుంచి కొండకు. దాంట్లోంచి నల్లటి శిఖరాలు తలలు పైకెత్తి ఉన్నాయి, దీవుల్లా.

ఆరూ ఇరవై దాటాక సూర్యుడు. మేఘం అంచు ముందు గులాబి, తర్వాత బంగారం. లోయంతా మెల్లగా కదులుతోంది. ఒక శిఖరం చుట్టూ తిరిగి, రెండు కొండల మధ్య ఒంపులోంచి అవతలికి జాలువారుతోంది.

పుట్టి పెరిగింది సముద్రం ఒడ్డున. ఇంత తెలుపు ఇలా ఒడ్డుకు వచ్చి తాకుతుంటే నా చెవులు అలల హోరు కోసం ఎదురుచూస్తున్నాయి. హోరు లేదు. అల వచ్చింది, విరిగింది, వెనక్కి పోయింది. చప్పుడు లేదు. చుట్టూ ఉన్న జనం కూడా కాసేపు మాటలు మానేశారు. మేఘం అడుగున ఎక్కడో ఒక ఊళ్లో కోడి కూసింది. ఆ కూత ఒక్కటే పైకి తేలి వచ్చింది.

హల్వా పొట్లం విప్పాం. చలికి నెయ్యి గడ్డకట్టి తెల్లబడింది. చెరో ముక్క తిన్నాం.

ఏడున్నరకు ఎండ లోయకు తగిలింది. మూత సడలి మేఘం లేచింది. చూస్తుండగానే దీవులు మునిగాయి, ఒంపు మునిగింది, అయిదు నిమిషాల్లో మా దగ్గరికీ వచ్చేసింది. చెంపలకు చల్లటి తడి. ఎదురుగా గడ్డిపోచ కనిపించడం లేదు. ఆయన కనుబొమల మీద సన్నటి నీటి ముత్యాలు. "ఉన్నావా?" అన్నారు, పక్కనే ఉన్నానని తెలిసి కూడా. "ఉన్నాను," అన్నాను.

దిగేటప్పుడు దారంతా పగటి వెలుగులో కొత్తగా ఉంది. మేం ఎక్కిన రాళ్లు ఇవేనా అనిపించింది. రాళ్ల సందుల్లో చిప్స్ కవర్లు, నీళ్ల సీసాలు, కాగితపు గ్లాసులు. మా పులిహోర కవరులో పట్టినన్ని ఏరాం. కవరు చాలలేదు. చూడటానికి వచ్చిన ప్రతి మనిషీ తెచ్చుకున్నది తిరిగి మోసుకెళ్తే చాలు, ఈ కొండకు ఎవరూ ఇంకేమీ చేయనక్కర్లేదు. కింద చెత్తడబ్బాలో వేసి చేతులు కడుక్కున్నాం. కుర్రాడు వేడి కాఫీ ఇచ్చాడు. గ్లాసు రెండు చేతులతో పట్టుకుని, వాసన చూసి, తాగకుండా కాసేపు ఆగాను. నిన్నటి ఆ వేళ్లు గుర్తొచ్చాయి.

*

ఆదివారం రాత్రి తొమ్మిది. గాజువాక. ఉక్కపోత. ఫ్యాను కింద పేపర్ల కట్ట విప్పి ఎర్ర పెన్ను పట్టుకున్నాను. మోకాలి మీద రాయి గీరిన గాటు ఇంకా మంటగానే ఉంది. ఆయన స్నానం చేసి, యూనిఫాం వేసుకుని, బూట్ల లేసులు కట్టుకుంటున్నారు.

"పడుకో. పొద్దున్నే బడికెళ్లాల గదా," అన్నారు.

క్యారేజీ చేతికిచ్చాను. తలుపు తీశారు. బయట మెట్లు కటిక చీకటి. ఫోను కోసం జేబు తడుముకుంటున్నారు.

ఫ్రిజ్ మీద పెట్టిన టార్చి తీసుకుని గుమ్మం దాటాను. వెలుగును కిందికి వంచి ఆయన పాదాల ముందు మొదటి మెట్టు మీద పట్టాను. ఒక్క క్షణం ఆగి, వెనక్కి తిరిగి చూశారు. తర్వాత దిగడం మొదలుపెట్టారు. ఆయన రెండు మెట్లు, నేను రెండు మెట్లు. ఎడమ మడమ కొంచెం ఈడుస్తూ.

"ఆఖరి మెట్టు పగిలింది. నెమ్మది," అన్నాను.